తప్పు శబ్దానికి ఒక పెట్టె

(గిటార్ వాయించేవాళ్లు, ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పని చేసుకునేవాళ్లు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లలు ఉన్నారు, వాళ్లకి బాగా కనిపించాలని ఈ రెండు పెట్టెల్నీ బల్ల అంచుకి జరిపాను. ఒకటి ఎర్ర రంగుది, ఇంకోటి రంగు వెయ్యని ఉత్త అల్యూమినియం. గిటార్ శబ్దాన్ని కావాలని గరగరలాడించే ఫజ్ పెడళ్లు ఇవి, కాలితో తొక్కి వాడేవి. రెండింట్లోనూ ఉన్నది దాదాపు ఒకే సర్క్యూట్. రెండూ నేను ఇంట్లో చేసినవే. చివర్లో వాయించి వినిపిస్తాను.

మా బాబాయికి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. వేసవి సెలవులు వస్తే నేను అక్కడే. జనం రేడియో తెచ్చి బల్ల మీద పెట్టి చెప్పే ఫిర్యాదుల్లో సగం ఒకటే. "గరగరమంటోందండీ", "గొంతు పగిలినట్టు వస్తోందండీ". ఆ గరగర పోగొట్టడమే బాబాయికి అన్నం పెట్టింది. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మొదటిసారి ఒక ఫజ్ పెడల్ చేసి, గిటార్ తగిలించి ఆయనకి వినిపించాను. తల వంచుకుని మొత్తం విన్నాడు. "అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయినట్టుందిరా, చూడు" అన్నాడు. "లేదు బాబాయ్, అలా రావాలనే చేశాను" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మరి మామూలుగా రావాలంటే వస్తుందా?"

అప్పటికి నా దగ్గర ఉన్నది, సోల్డర్ చెయ్యకుండా గుచ్చి చూసుకునే బ్రెడ్‌బోర్డ్ మీద కొన్ని ముక్కలు. స్విచ్ లేదు, పెట్టె లేదు. మామూలుగా రావాలంటే వైరు పీకాలి. మళ్లీ గుచ్చితే అదే శబ్దం వస్తుందో రాదో తెలియదు. ఆయన అడిగిన ఆ మాట దగ్గరే నేను ఇన్నేళ్లుగా ఉన్నాను. ఆ శబ్దం కావాలన్నప్పుడు రావాలి, వద్దన్నప్పుడు పోవాలి, రేపు కూడా అలాగే రావాలి. అంతవరకూ అది చెడిపోయిన రేడియోనే.

ఫజ్ అనే శబ్దం పుట్టుక కూడా ఇలాంటిదే. అమెరికాలో నాష్‌విల్ అని సంగీతం రికార్డు చేసే ఊరు. మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ గిటార్ వాయిస్తున్నాడు. శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానెల్ చెడిపోయి ఆయన వాయించిన ముక్క మొత్తం చీలిపోయిన గొంతులా వచ్చింది. తీసెయ్యాలా ఉంచాలా అని ఆలోచించి చివరికి ఉంచారు. 1961లో పాట బయటికొచ్చింది, జనానికి నచ్చింది. మిగతా కళాకారులు వచ్చి మాకూ ఆ శబ్దం కావాలన్నారు. కానీ ఆ చెడిన చానెల్ ఈలోపు పూర్తిగా చచ్చిపోయింది. అప్పుడు గ్లెన్ స్నాడీ అనే రికార్డింగ్ ఇంజినీర్, ట్రాన్సిస్టర్లతో ఆ తప్పుని కావాలని చేసే సర్క్యూట్ ఒకటి కట్టాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ ఎఫ్‌జెడ్-1 పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బ్యాండు వాళ్ల శాటిస్‌ఫ్యాక్షన్ పాటలో వాళ్ల గిటారిస్టు కీత్ రిచర్డ్స్ దాన్నే వాడాడు. ఆ పాట మొదట్లో వచ్చే గిటార్ ముక్క వినని గిటారిస్టు ఉండడు. చూడండి, కన్సోల్‌లో ఉన్నంతకాలం అది తప్పు. ఒక పెట్టెలో పెట్టి, పైన స్విచ్ బిగించాక వాద్యం అయింది.

ఇక నా చేతిలో ఉన్న సర్క్యూట్ సంగతి. లండన్‌లో ఆర్బిటర్ అనే కంపెనీ 1966లో ఫజ్ ఫేస్ అని గుండ్రటి పెడల్ ఒకటి తెచ్చింది. పేరున్న గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాలి కింద ఉన్నది అదే. లోపల ఎన్ని ముక్కలు ఉంటాయనుకుంటున్నారు? రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పి శబ్దం సరిచేసుకోవడానికి రెండు పొటెన్షియోమీటర్లు, వాటినే పాట్లు అంటాం. మొత్తం పదకొండు. సోల్డరింగ్ ఐరన్ మొదటిసారి పట్టుకున్నవాళ్లు కూడా ఒక సాయంత్రంలో, వరసగా కన్నాలుండే జీరో బోర్డు మీద కట్టెయ్యొచ్చు. అందుకే కొత్తవాళ్లకి నేను దీన్నే చెబుతాను.

పని చేసే తీరు సులువే. బ్యాటరీ ఇచ్చేది 9 వోల్టులు. గిటార్ సిగ్నల్‌ని ట్రాన్సిస్టర్ పెంచుతూ పోతుంది, కానీ తన దగ్గరున్న వోల్టేజీని మించి పెంచలేదు. పైన అంచు తగులుతుంది, కింద అంచు తగులుతుంది. గుండ్రంగా వెళ్లాల్సిన అల తల తెగి చదునైపోతుంది. ఆ తెగిన అంచుల్లోంచే కొత్త స్వరాలు పుడతాయి, మన చెవికి గరుకుగా వినిపించేవి అవే. ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు, వాటిలో ఒకటి కలెక్టర్, ఒకటి బేస్. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర మీటర్ పెడితే ఇంచుమించు నాలుగున్నర వోల్టులు ఉండాలి. అంటే సగానికి సగం. అప్పుడే పైకీ కిందికీ చోటుంటుంది. లేకపోతే స్వరం ఉమ్మేసినట్టు తెగి తెగి వస్తుంది, తీగ మోగుతుండగానే ఆగిపోతుంది. అసలు డిజైన్‌లో అక్కడ 8.2 కిలో ఓముల రెసిస్టర్ ఉంటుంది. దాని బదులు, విలువ మార్చుకోగలిగే ప్రీసెట్ ఒకటి పెట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ చెవితో విని, మీటర్‌తో చూసి సరిచేసుకోవచ్చు.

మొదట్లో ఫజ్ ఫేస్‌లో జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఏసీ 128 వాటిల్లో ఒకటి. పెద్దవాళ్లలో కొందరికి ఈ పేరు గుర్తొచ్చి ఉంటుంది. మన ఇళ్లల్లో ఉన్న పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో, స్పీకర్‌ని నడిపే చోట ఇలాంటివే కూర్చునేవి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్, అదే బీఈఎల్ సంస్థ 1960ల నుంచే జర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేసింది. మా బాబాయి షాపులో ఒక హార్లిక్స్ సీసా నిండా పీకేసిన పాతవి ఉండేవి. నా దగ్గరున్న మంచి జత ఆ సీసాలోదే. పాత రేడియో అటక మీద పడి ఉంటే పారెయ్యకండి. బాగుచేసి వినగలిగితే మాత్రం విప్పకండి, రేడియోగానే ఉంచండి. పూర్తిగా చచ్చినదాన్ని మాత్రమే విప్పండి.

జర్మేనియంతో మనకున్న పెద్ద చిక్కు ఎండ. దాంట్లో లీకేజీ కరెంటు ఎప్పుడూ కొంత ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ అది గబగబా పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు అవుతుంది. లండన్ చలిలో కుదిరిన నాలుగున్నర వోల్టులు మే నెలలో మన మేడ మీద గదిలో ఎలా నిలుస్తాయి? ట్రాన్సిస్టర్‌ని మీటర్‌లో పెట్టి రెండు వేళ్లతో పట్టుకోండి. ఒంటి వేడికే అంకె పైకి పాకడం కళ్లతో చూస్తారు. కాబట్టి హెచ్‌ఎఫ్‌ఈ, అంటే ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె, కొలిచేటప్పుడు చల్లారనిచ్చి కొలవాలి. లీకేజీ కలిసిన అంకెని నమ్మకూడదు. మొదటి ట్రాన్సిస్టర్‌కి డెబ్భై ఎనభై, రెండోదానికి నూట ఇరవై దగ్గర ఉంటే నా చెవికి బాగుంటుంది. స్టేజీ మీద, లైట్ల కింద వాయించేవాళ్లకి నా సలహా మాత్రం సిలికానే. తర్వాత ఆ కంపెనీ కూడా బీసీ 108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లకి మారింది. మనకి బీసీ 547 ఏ వీధిలోనైనా దొరుకుతుంది. పక్కన 'ఏ' అక్షరం ఉన్నది తీసుకోండి, దాని గెయిన్, అంటే అదే హెచ్‌ఎఫ్‌ఈ, 110 నుంచి 220 మధ్య ఉంటుంది. 'సీ' రకం 420 నుంచి మొదలు, మరీ చెవిలో గుచ్చుతుంది.

(సభలో ఒకరు: సామాన్లు ఎక్కడ కొంటారండీ?)

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ. రెసిస్టర్లు, కెపాసిటర్లు, జీరో బోర్డు, వైరు అన్నీ అక్కడే కొంటాను. తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్, దాన్ని త్రీ పీడీటీ అంటారు, అదీ అచ్చు పోసిన అల్యూమినియం పెట్టే మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను. ఈ రెండింటి దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. కాలు పడేది వాటి మీదే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన చోటికి వస్తాను. సర్క్యూట్ గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. పెట్టె దగ్గరికి వచ్చేసరికి, రంగు వేసుకోండి, మీ ఇష్టం అని వదిలేస్తారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నా మొదటి పెడల్‌కి కన్నాలన్నీ వేసి, లోపలా బయటా శుభ్రంగా నీలం రంగు స్ప్రే చేశాను. అద్దంలా వచ్చింది. కాలేజీ ఫంక్షన్‌లో స్టేజీ ఎక్కి స్విచ్ తొక్కాను. పెద్ద హమ్ము. దాని వెనకాల సన్నగా, స్పష్టంగా, ఆకాశవాణి వార్తలు. హాలంతా విన్నారు. పాట మధ్యలో ఆపి, పెడల్ తీసేసి, మామూలు గిటార్‌తో పూర్తి చేశాం. మా బ్యాండులో మిగతా ముగ్గురూ ఆ పాట కోసం నెల రోజులు కష్టపడ్డారు. ఆ రాత్రి వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

బాబాయి పెట్టె విప్పి రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు. లోహపు పెట్టెలో పెట్టేది అందానికి కాదు, బయటి గాలిలో తిరిగే రేడియో తరంగాలు, కరెంటు హమ్ము లోపలికి రాకుండా అడ్డు కట్టడానికి. అలా అడ్డు కట్టాలంటే పెట్టె గ్రౌండ్‌కి, అంటే సర్క్యూట్‌లో సున్నా వోల్టుల వైపుకి, కలవాలి. అది కలిసేది గిటార్ వైరు గుచ్చే జాక్ దగ్గర, లోహానికి లోహం ఆనే చోట. నేను అక్కడ దళసరిగా రంగు కొట్టాను. కన్నాలు వేశాక రంగు వేశాను కాబట్టి కన్నాల అంచులకీ రంగే. పెట్టె దేనికీ తగలకుండా వేలాడుతోంది. ఇంత గెయిన్ ఉన్న సర్క్యూట్ దొరికిన ప్రతి తరంగాన్నీ పట్టి పాడేసింది. బాబాయి చాకు మొనతో జాక్ చుట్టూ లోపలి రంగు గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించాడు. సిలికాన్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 100 పికోఫారడ్ల చిన్న కెపాసిటర్ కూడా పెట్టించాడు. వార్తలు ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి నేను రంగునీ సర్క్యూట్‌నీ వేరువేరు పనులుగా చూడటం మానేశాను. పెట్టె కూడా సర్క్యూట్‌లో పన్నెండో ముక్క.

పెట్టె పని వరసగా చెబుతాను, దీన్ని కొంచెం శ్రద్ధగా వినండి. ముందు జాక్‌లు, పాట్లు, స్విచ్ అన్నీ పెట్టె పక్కన పెట్టి చూసుకోవాలి. 1590బీ అనే చిన్న సైజు పెట్టె వెడల్పు ఆరు సెంటీమీటర్లే. రెండు పక్కలా జాక్‌లు ఎదురెదురుగా పెడితే లోపల ముక్కులు కొట్టుకుంటాయి. ఒకటి కాస్త పైకి, ఒకటి కిందికి జరపాలి. కాగితం మీద కొలతలు గీసి, మాస్కింగ్ టేపుతో పెట్టెకి అంటించి, ప్రతి కన్నం మధ్యలో సెంటర్ పంచ్‌తో ఒక దెబ్బ. ఆ గుంట లేకపోతే డ్రిల్లు జారి గీత పడుతుంది. మూడు మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, తర్వాత మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ వాడండి. అల్యూమినియం బిట్‌కి అతుక్కుంటుంది, రెండు చుక్కలు కిరోసిన్ వేస్తే వెన్నలా తెగుతుంది. ఫుట్‌స్విచ్‌కి పన్నెండు మిల్లీమీటర్లు, చిన్న పాట్‌కి ఏడు, జాక్‌కి దాదాపు పది. మీరు కొన్న ముక్కని కొలిచాకే కన్నం వెయ్యండి. పెట్టెని వైస్‌లో బిగించండి. చేత్తో పట్టుకుని డ్రిల్లు వెయ్యొద్దు, బిట్ పట్టేస్తే పెట్టె గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. ఇంకో మాట, పెట్టెని తిరగేసి వైర్లు కలిపేటప్పుడు కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఇన్‌పుట్ ఏదో లోపల పెన్సిల్‌తో రాసుకోండి.

తర్వాత ఉప్పుకాగితం. 220 నంబరుతో మొదలుపెట్టి 400 నంబరుతో ముగించండి. సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఇక ఆ తర్వాత చేత్తో ముట్టుకోకండి, వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. అల్యూమినియం మీద గాలి తగిలిన వెంటనే సన్నటి పొర ఏర్పడుతుంది. మామూలు రంగు దాని మీద నిలవదు, నెల తిరగకుండా బూటు తగిలి పొలుసులు లేస్తుంది. కార్లకి రంగు వేసే షెడ్డులో ఎచ్ ప్రైమర్ అని అడగండి. అది లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. దాని మీద రంగు పలచగా, మూడు నాలుగు సార్లు. ఒక్కసారే తడిసేలా కొడితే కారుతుంది.

ఇక్కడ కాలం చూసుకోవాలి. వానాకాలం గాల్లో తేమ ఎక్కువ, లాకర్ రంగు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మండే ఎండలో కొడితే రంగు గాల్లోనే ఎండి ఇసుకలా పడుతుంది. నేను పెట్టెలకి రంగులు వేసేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే, అదీ పొద్దెక్కి మంచు విడిచాక. వేశాక వారం రోజులు వదిలేస్తాను. పైన ఆరినట్టే ఉంటుంది, గోరు గుచ్చితే మెత్తగా దిగుతుంది. ఆ వారం ఆగలేక పాడుచేసుకున్న పెట్టెలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఇంత ఓపిక లేదంటే పౌడర్ కోటింగ్ షాపుకి వెళ్లండి. గేట్లకి, కిటికీ ఫ్రేములకి వేసేవాళ్లే. వాళ్లు 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు, రాయిలా గట్టిపడుతుంది. ఖాళీ పెట్టె ఇవ్వాలి, స్క్రూ కన్నాలు మూయమని చెప్పాలి, జాక్ చుట్టూ లోపల రంగు పడనివ్వొద్దని చెప్పాలి. ఆ మూడోది నేను కాగితం మీద రాసి ఇస్తాను.

ఫెర్రిక్ క్లోరైడ్‌తో అల్యూమినియం మీద బొమ్మ చెక్కేవాళ్లూ ఉన్నారు. అందంగా ఉంటుంది. కానీ అది అల్యూమినియంతో చాలా వేడిగా, నురగలతో పొంగుతుంది. ఆరుబయట, గ్లౌజులూ కళ్లద్దాలతో, పెద్దవాళ్లు మాత్రమే. మిగిలిన ద్రావణం సింకులో పొయ్యకండి.

అక్షరాల మాట. నేను డీకాల్ కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో అచ్చు వేసి, నీళ్లలో నానబెట్టి, పెట్టె మీదికి జారుస్తాను. ఆరాక పైన క్లియర్ కోటు. మొదటి రెండుసార్లు మంచు పడ్డట్టు సన్నగా కొట్టాలి, లేకపోతే డీకాల్ ముడతలు పడుతుంది. నా పెడళ్ల మీద రాతలు తెలుగులోనే ఉంటాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, కింద వత్తు. ఇంగ్లిష్ అక్షరాల సైజులోనే వేస్తే వత్తుల్లో సిరా నిండి చుక్క అయిపోతుంది. కొంచెం పెద్దగా, లావు తక్కువ ఉన్న ఫాంటు తీసుకోవాలి. ఈ ఎర్ర పెట్టె దగ్గరగా చూడండి. తిప్పే ఎడమ నాబ్ కింద 'మోత' అని ఉంది. కుడి నాబ్ కింద 'గరగర' అని ఉంది. రేడియో తెచ్చినవాళ్లు బాబాయికి చెప్పిన మాట అదే. ఆ శబ్దానికి మన భాషలో పేరు ముందే ఉంది.

మొదట్లో నేను ఒక పెడల్ మీద వీణ బొమ్మ వేశాను. మా అమ్మ చూసి "కాలితో తొక్కేదాని మీద వీణ ఎందుకురా" అంది. నేను వాదించలేదు. మనం పుస్తకానికి కాలు తగిలితే కళ్లకి అద్దుకునేవాళ్లం. కాలికీ వాద్యానికీ సంబంధమే లేదని మాత్రం కాదు, మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు కాలితో తొక్కుతూనే కదా చేతులతో వాయించేది. ఆ బొమ్మ గీకేశాను. అప్పటి నుంచి బొమ్మలు లేవు, అక్షరాలన్నీ పై సగంలో, కాలికి దూరంగా ఉంటాయి. స్విచ్ చుట్టూ ఏమీ ఉండదు. అది ఎలాగూ బూటు రాపిడి పడే చోటు.

(సభలో ఒకరు: కిట్ కొనుక్కుంటే సరిపోదా అండీ?)

మొదటిదానికి నిక్షేపంగా కొనుక్కోండి. రెండోది మాత్రం మీరే గీసి కట్టుకోండి.

కరెంటు విషయంలో ఒక్క జాగ్రత్త. పెడల్ అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ను నెగటివ్. బజారులో దొరికే మామూలు 9 వోల్టుల అడాప్టర్లు ఎక్కువగా మధ్య పాజిటివ్‌వి. అది గుచ్చితే ట్రాన్సిస్టర్లు పోతాయి. కాబట్టి లోపల, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి అడ్డుపెట్టండి. ఏసీ 128తో చేస్తే పాజిటివే గ్రౌండ్ అవుతుంది, దాన్ని మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్‌కి కలపకూడదు, బ్యాటరీతోనే నడపాలి. బ్యాటరీతో నడిపేటప్పుడు ఇన్‌పుట్ జాక్ స్టీరియోది పెడితే, గిటార్ వైరు పీకగానే బ్యాటరీ ఆగిపోతుంది.

ఈ ఉత్త అల్యూమినియం పెట్టెలో ఉన్నవి బాబాయి సీసాలోని ఏసీ 128లు. దీనికి రంగు వెయ్యలేదు, ఎందుకంటే కన్నాలు వేసింది ఆయన. పంచ్ దెబ్బలు, ఒకచోట డ్రిల్లు జారిన గీత, అన్నీ అలాగే ఉన్నాయి. రంగు వేస్తే అవి కనబడవు. పూర్తయ్యాక ఆయన చేతికిచ్చాను. కింద పెట్టి చెప్పు విడిచి స్విచ్ తొక్కాడు, విన్నాడు. మళ్లీ తొక్కాడు. గిటార్ శుభ్రంగా, ఏ మరకా లేకుండా వచ్చింది. అలా ఏడెనిమిది సార్లు తొక్కి చూశాడు.

తమ్ముడూ, ఆంప్ ఆన్ చెయ్యి. మోత తగ్గించే ఉంచు, పిల్లలు దగ్గరగా కూర్చున్నారు. ముందు మామూలుగా వాయిస్తాను.